పేడనీళ్ళకో చోటు

అప్పటికి మా శాలలో పద్నాలుగు పశువులు. ఎనిమిది గేదెలు, ఆరు జెర్సీ ఆవులు. గజపతినగరం నుంచి మా ఊరికి వచ్చే దారిలో, కాస్త మెట్టగా ఉన్న అరెకరంలో శాల కట్టుకున్నాం. నా పెళ్ళినాటికి ఇంట్లో ఉన్నవి రెండే గేదెలు. మా ఆయన నాకు మేనబావ. అందుకని పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావా అనే పిలుస్తాను. అత్త మా నాన్నకి స్వయానా అక్క. మేం ముగ్గురం కలిసి ఒక్కొక్క పశువునీ చేర్చుకుంటూ వచ్చాం. దాణా ఏది పెట్టాలి, చూడి ఎప్పుడు కట్టింది, పాలలో వెన్న ఎంత అని పగలంతా మాట్లాడుకునేవాళ్ళం. పశువు వెనక నుంచి పడేదాని గురించి మాత్రం ఏనాడూ మాట్లాడుకోలేదు.

రెండు గేదెలున్నప్పుడు ఆ అవసరమూ రాలేదు. అత్త పేడ గంపకెత్తి గత్తం కుప్ప మీద వేసేది. ఏడాదికోసారి ఆ ఎరువు పొలానికి తోలేవాళ్ళం. పద్నాలుగయ్యాక గంపలతో తెమల్లేదు. మోటారు పెట్టి పైపుతో శాల కడగడం మొదలుపెట్టాం. పేడ, మూత్రం, కడిగిన నీళ్ళు అన్నీ కలిసి పలచటి అంబలిలా కాలువలో పారి, వెనక తవ్విన మట్టిగోతిలో పడేవి. ఎండాకాలంలో ఆ గొయ్యి పైన పొర కట్టి అమాయకంగా కనిపించేది. వానాకాలంలో నిండేది. నిండినప్పుడు బావ పారతో కొంచెం గట్టు వేసేవాడు. అంతటితో మా జాగ్రత్త అయిపోయేది.

మా శాలకి దిగువన ఒక పెద్దాయన పొలం ఉంది. బావకి చిన్నాన్న వరస, నాకు మావ. వయసులో ఉండగా తాపీపని మీద ఎక్కడెక్కడి నగరాలో తిరిగి, మోకాళ్ళు అరిగాక ఊరికి వచ్చి ఎకరన్నర సాగు చేసుకుంటున్నాడు. వానాకాలం వరి, తరవాత మొక్కజొన్న. గట్టు మీద నుయ్యి. తన ఆవుకి తాగడానికీ, తన స్నానానికీ ఆ నీళ్ళే.

ఒక ఏడాది భాద్రపదంలో మూడు రోజులు విడవకుండా వాన పట్టింది. నాలుగో రోజు పొద్దున్న నేను పాలక్యాన్లు కడుగుతుంటే మావ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ సీసా. దాన్ని తెచ్చి నా ఎదురుగా ఉన్న క్యాను మూత మీద పెట్టాడు. లోపల నీళ్ళు పలచటి టీ రంగులో ఉన్నాయి.

"ఏటి మావా, ఇంత పొద్దున్నే?" అన్నాను, ఏమీ తెలియనట్టు. నిజానికి సీసా చూడగానే తెలిసిపోయింది.

"మా నూతి నీళ్ళు. మీ పశువులకి పెడతావేటి, సెప్పు."

ఆయన గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

"అరిసీసేవోణ్ణైతే నిన్ననే వచ్చీసేవోణ్ణి. నాకు అరవడం రాదు కోడలా. నువ్వే సూసి సెప్పు," అన్నాడు.

ఇంతలో బావ గడ్డిమోపు దింపి వచ్చాడు. "వాన మన సేతిలో ఉన్నాదేటి సిన్నాన్నా? ఇంత వానకి ఎవల గొయ్యి మాత్రం పొంగదు?" అని మొదలుపెట్టాడు.

లోపల పేడ తీస్తున్న అత్త అక్కడి నుంచే అంది. "ఒరే, నోరు ముయ్యి. వాన మనది కాదు. పేడ మనదే."

నేను సీసా తీసుకుని, "రేపటికి గోతి గండి పూడ్చీసి, నుయ్యి తోడీసి పెడతాం మావా," అన్నాను. ఆయన తలూపి వెళ్ళిపోయాడు. నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు.

నుయ్యి తోడడానికి మూడు రోజులు పట్టింది. మోటారు కొంతవరకే లాగింది. అడుగున బురద తేలాక చేదలతో తోడాల్సి వచ్చింది. నేనూ బావా వంతులేసుకుని లాగాం. మొదటి రోజు మావ గట్టున నిలబడి చూశాడు. రెండో రోజు ఇంట్లోంచి గిలక తెచ్చి బిగించాడు. మూడో రోజు మధ్యాహ్నం క్యానుతో చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చి, ఉల్లిపాయ ముక్కలతో మా ఇద్దరికీ పోశాడు. ఊట నీరు తేరుకున్నాక బ్లీచింగ్ పొడి చల్లి, రెండు వారాలు ఆ నుయ్యి వాడకుండా, ఆయనకి కావలసిన నీళ్ళు మా బోరు నుంచే పంపాం.

అక్కడి నుంచి మా ఇంట్లో ఒకటే మాట. పేడనీళ్ళు ఎక్కడ పెట్టాలి?

బావ విజయనగరంలో ఒక దుకాణానికి వెళ్ళి వచ్చాడు. మందంగా ఉండే నల్ల షీటు. గొయ్యి తవ్వి, షీటు పరిచి, అంచులు మట్టిలో పాతేస్తే అయిపోయిందట. రెండు రోజుల పని. ఫోనులో వీడియోలు కూడా చూపించాడు. ఎక్కడో పెద్ద ఫారం, చెరువంత గొయ్యి, నల్లగా నిగనిగలాడుతోంది. అది చూసి నాకూ ఆశ పుట్టింది.

మా గేదెకి సూది వెయ్యడానికి వచ్చిన పశువుల డాక్టరుని అడిగితే ఆయన వేరే మాట చెప్పాడు. "దేంతో కట్టాలో తరవాత చూసుకోండమ్మా. రోజుకి ఎంత వస్తుందో, ఎన్నాళ్ళు దాచాలో ముందు తేల్చుకోండి."

ఇన్నేళ్ళలో ఆ లెక్క మేం ఎప్పుడూ వెయ్యలేదు. మర్నాడు శాల కాలువకి గోనెసంచులు అడ్డం పెట్టి, ఆగిన నీళ్ళన్నీ బకెట్లతో పెద్ద డ్రమ్ములోకి ఎత్తాను. సాయంత్రానికి మూడు డ్రమ్ములు నిండాయి. నడుం విరిగిపోయింది. నేను ఊహించింది ఒక్క డ్రమ్ము! ఇక ఎన్నాళ్ళు దాచాలి అన్నది అత్త చెప్పింది. "సేలో వరి ఉన్నన్నాళ్ళూ ఎవలూ ఈ నీళ్ళు రానివ్వరు. బలం ఎక్కువైపోతే వరి పడిపోతాది. శ్రావణం నుంచి కార్తీకం దాకా నీ దగ్గరే ఉంచుకోవాల." అంటే నాలుగు నెలలు. క్యాలెండరు వెనక లెక్క వేసి చూస్తే మూడువందల అరవై డ్రమ్ములు వచ్చాయి. మా మట్టిగొయ్యి అందులో పదో వంతు కూడా పట్టదు.

షీటు గొయ్యి కళ్ళతో చూడందే కొనకూడదని నేను పట్టుబట్టాను. పాతపట్నం దగ్గర ఒక రైతు వేశాడని తెలిసి, ఒకరోజు పశువుల్ని అత్తకి అప్పగించి, బొబ్బిలి, పాలకొండ మీదుగా బస్సులు మారి వెళ్ళాం. ఆ రైతు మంచివాడు. మాటల మధ్యలో ఒడియా దొర్లుతోంది గాని, మాకు అర్థం కానిది ఏమీ లేదు. చెప్పులు విప్పకముందే గొయ్యి దగ్గరికి తీసుకెళ్ళాడు.

గొయ్యి మధ్యలో షీటు పైకి లేచి ఉంది. కడుపుబ్బిన గేదెలా గుండ్రంగా, పేడనీళ్ళని పక్కలకి నెట్టేసి.

"ఏటిది?" అన్నాడు బావ.

"ఎండల్లో తవ్వినప్పుడు సుక్క నీరు నేదు బాబూ. వానలకి కింద నుంచి ఊట వచ్చి షీటుని పైకి లేపీసినాది. ఇప్పుడు దీన్ని దింపాలంటే అంతా ఖాళీ సెయ్యాల. ఖాళీ సేసి ఎక్కడ పొయ్యాలి? సుట్టూ వరే కదా."

గొయ్యి చుట్టూ వెదురు దడి కట్టి ఉంది. లోపలి అంచుల నుంచి ముళ్ళు వేసిన తాళ్ళు వేలాడుతున్నాయి. అవెందుకని అడిగాను. "పెయ్య పడిపోనాది," అన్నాడు. "ఆ షీటు మీద కాలు నిలవదమ్మా. మనిసైనా ఎక్కలేడు. నాను తాడు తెచ్చేసరికే..." అని ఆపేసి దడిని చేత్తో కదిపి చూసుకున్నాడు, గట్టిగా ఉందో లేదో అని. "దడి ముందే కట్టాల. నాను తరవాత కట్టినాను."

మేం బయలుదేరేటప్పుడు మజ్జిగ ఇచ్చి అన్నాడు. "షీటు సెడ్డదని సెప్పను. ఊట నేని నేలైతే ఇదే మంచిది. నా నేల అలాటిది కాదు. మీ నేలని అడగండి."

తిరుగు బస్సు పాలకొండ దాటాక, "మనది మెట్ట కదేటే," అన్నాడు బావ.

"సాల మెట్ట బావా. గొయ్యి తవ్వుదామన్న చోటు పల్లం."

"అయితే తవ్వి సూద్దాం."

మర్నాడే తవ్వాం. మనిషెత్తు గొయ్యి, ఒక్క మనిషి నిలబడేంత వెడల్పు. సాయంత్రానికి అడుగున తడి తేలింది. పొద్దున్న చూస్తే సగం పైగా నీళ్ళు. బావ గట్టున కూర్చుని అందులో ఒక మట్టిగడ్డ వేశాడు. అప్పుడే మావ నెమ్మదిగా మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చాడు.

"నా నూతిలో నీరెక్కడుంటాదో మీ గోతిలో నీరూ అక్కడే ఉంటాది. నన్నడిగుంటే తవ్వకుండానే సెప్పీసేవోణ్ణి," అన్నాడు.

"మరి సెప్పలేదేటి మావా?"

"అడగనేదు కదా."

ఈ ఊళ్ళో నీళ్ళ ట్యాంకులు, ఎత్తు మేడలు కట్టిన మనిషి ఆయన ఒక్కడే. మా వల్ల నష్టపోయినవాడూ ఆయనే. మేం విజయనగరం వెళ్ళాం, పాతపట్నం వెళ్ళాం, పక్క పొలానికి మాత్రం వెళ్ళలేదు. సిగ్గు వల్ల అనుకుంటాను. ఆ రోజు నేను అరుగు మీద పీట వేసి ఆయన్ని కూర్చోబెట్టి, "ఇప్పుడు అడుగుతన్నాను. ఏటి సెయ్యమంటావు మావా?" అన్నాను.

ఆయన కర్రతో నేల మీద గీశాడు. "సిమెంటు టేంకీ. మోకాలు లోతే లోనకి, మిగిలిందంతా పైకి. సాల మెట్ట మీదుంది కాబట్టి నీళ్ళు వాటంతటవే పారతాయి. అడుగు కాడ ఇటు పక్క ఒక గొట్టం, దానికో గేటు. పల్లానికి ఒగ్గీడానికి మోటారూ అక్కర్నేదు."

"నూతి వరలు దించితే సులువు కదేటి?" అన్నాడు బావ. షీటు పోయినా బావకి సులువు మీద మమకారం పోలేదు.

"వరకీ వరకీ మధ్య అతుకు. అతుకున్న కాడల్లా కారతాది. కారితే ఎక్కడికెళ్తాదో తెలుసు కదా?"

బావ తల దించుకున్నాడు. "నువ్వు కడతావా సిన్నాన్నా?"

"నాను కట్టను. మోకాళ్ళు ఒప్పవు. దగ్గరుండి కట్టిస్తాను. కుర్సీ ఎయ్యండి సాలు."

వరి కోతలయ్యాక పని మొదలైంది. మావ రోజూ ఎనిమిది గంటలకి వచ్చి, గొడుగు కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఇద్దరు మేస్త్రీలు ఆయన నోటికి భయపడుతూ పనిచేశారు. ఒకరోజు కట్టిన వరస మట్టం తప్పిందని సాయంత్రం మొత్తం విప్పించాడు. లోపలి మూలలు చేత్తో తడిమి, నున్నగా గుండ్రం తిరిగేదాకా ఒప్పుకోలేదు. అత్త ఆయనకి రెండు పూటలా టీ ఇచ్చేది. ఆయన ప్రతిసారీ పంచదార ఎక్కువైందనేవాడు, ప్రతిసారీ గ్లాసు ఖాళీ చేసేవాడు.

పైకప్పు దగ్గర మళ్ళీ వాదన వచ్చింది. తెరిచి వదిలేద్దామని బావ. వాననీళ్ళతోనే సగం నిండిపోతుందని, పైన పలక వెయ్యాల్సిందేనని మావ. నాకు మావ మాటే సబబనిపించింది. పాతపట్నం పెయ్య నా కళ్ళ ముందు ఉంది. పలక సరే, కలపడానికి, చూడడానికి పైన ఒక నోరు కావాలి కదా. మనిషి దిగేంత వెడల్పు పెడితే శుభ్రం చేసుకోవడానికి వీలుగా ఉంటుందని ఒక మేస్త్రీ అన్నాడు.

మావ కుర్చీలోంచి లేచాడు. ఆయన గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి.

"మనిసి దిగడానికి నోరెట్టొద్దు! ఇనుప సువ్వలు అడ్డంగా ఎయ్యండి. సెయ్యి తప్ప ఏదీ ఎల్లకూడదు."

అందరం ఆయన వైపు చూశాం. కాసేపటికి కూర్చుని, నెమ్మదిగా చెప్పాడు. ఒక నగరంలో తనతో పనిచేసినవాడు ఒక మూసిన ట్యాంకులోకి దిగాడట. పైకి రాలేదు. వాడి కోసం ఇంకొకడు దిగాడు. "నాను మూడోవోణ్ణి. నా నడుం పట్టుకుని ఒకడు ఎనక్కి లాగీసినాడు. ఆడెవడో కూడా నాకు తెలీదు. పేడనీళ్ళు నిలవుంటే విషపు గాలి పుడతాది. వాసన పసిగట్టేలోగా మనిసి ఉండడు. ఈ టేంకీలోకి ఎవలూ దిగకూడదు. ఏదైనా పడిపోతే పోనీ. ఎవలూ దిగకూడదు."

ఆ మధ్యాహ్నమే బావ గజపతినగరం వెళ్ళి, బరువైన ఇనుప చట్రం చేయించి, బండి మీద కట్టుకుని తెచ్చాడు. సిమెంటు ఆరేదాకా దాని పక్కనే ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఉన్న బిగువు ఆ రోజుతో పోయిందని నా నమ్మకం. అప్పటి నుంచి బావ ఆయన్ని ఎదిరించిన గుర్తు లేదు.

కట్టడం అయిపోయాక పేడనీళ్ళు వదులుదామని నేను తొందరపడ్డాను. మావ ఒప్పుకోలేదు. ముందు మంచినీళ్ళతో నింపమన్నాడు. బోరు రెండు రోజులు నడిచింది. నిండాక బావ చేత పై చువ్వల సందులోంచి గోడ మీద బొగ్గుతో గీత గీయించి, వారం రోజులు ముట్టుకోవద్దన్నాడు. మూడో రోజుకి నీళ్ళు నాలుగు వేళ్ళు దిగిపోయాయి.

"ఎండకి ఆరుంటాయి," అన్నాను, ఆశగా.

"పైన పలక ఉన్నాదమ్మా. ఎండేటి సేస్తాది?"

గొట్టం గోడలోకి దూరిన చోట చెమ్మ తగిలింది. నీళ్ళన్నీ వదిలేసి, ఆ చుట్టూ పగలగొట్టి మళ్ళీ చేయించాడు. మళ్ళీ నింపాం. మళ్ళీ గీత. ఈసారి వారం తరవాత కూడా నీళ్ళు గీత మీదే నిలిచాయి. మావ కుర్చీ తనే ఎత్తి గోడవారన పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. మేస్త్రీలు అది చూసి ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు, పరీక్ష పాసైనవాళ్ళలా.

ఆ మంచినీళ్ళు వదిలేసి, వానలదాకా పాత గోతితోనే నెట్టుకొచ్చి, శ్రావణం రాగానే కాలువని ట్యాంకులోకి తిప్పాం. ఆ వానాకాలం నేను ఆదివారం ఆదివారం ఒక వెదురుకర్ర చువ్వల మధ్య నుంచి దింపి, ఎంత నిండిందో చూసేదాన్ని. ఆశ్వయుజంలో పెద్ద వానలు పట్టినప్పుడు మాత్రం రోజూ చూశాను. పలక మీద వాన దబదబ కొట్టి పక్కలకి జారిపోయేది. లోపల నీళ్ళు రోజుకి ఎంత పెరగాలో అంతే పెరిగాయి. కార్తీకం చివరికి ఇంకా మూడో వంతు ఖాళీ మిగిలింది. నూతి నీళ్ళు ఎలా ఉన్నాయని మావని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు. పొలం వైపు వెళ్ళినప్పుడు ఆయన ఆవు అక్కడ నీళ్ళు తాగుతూ కనిపించేది. నాకు అది చాలు.

వరి కోసి, మావ మొక్కజొన్న వేసి, అది మోకాలెత్తు వచ్చాక మొదటిసారి గేటు తిప్పాం. పొద్దున్నే అత్త గేటుకి బొట్టు పెట్టింది. బావ తిప్పాడు. ఏమీ రాలేదు. ఇంకా తిప్పాడు. గొట్టం ఒకసారి గుర్రుమంది, మళ్ళీ ఊరుకుంది.

"పైన పొర కట్టినాది, కింద మడ్డి పేరుకున్నాది," అన్నాడు మావ. "కలపాల. గాలి వాలు సూసుకుని నిలబడండి. మొకం టేంకీ నోటి మీద పెట్టొద్దు."

పొడుగాటి వెదురుకి సన్నటి చెక్క కట్టి, నేనూ అత్తా పైనుంచి గంటసేపు కలిపాం. అత్తకి అరవై అయిదు దాటాయి, నా కంటే గట్టిగా కలిపింది. కింద బావ గొట్టం నోటి దగ్గర వంగి ఒక ఇనుప ఊచతో పొడుస్తున్నాడు. "వద్దురా, పక్కకి నిలబడి పొడు," అని మావ అంటూనే ఉన్నాడు. అంతలో ఒక్కసారిగా వచ్చింది. బావ ఛాతీ దగ్గర నుంచి మోకాళ్ళ దాకా ఆకుపచ్చగా అయిపోయాడు. అత్త పలక మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మావ నవ్వితే ఎలా ఉంటాడో నేను ఆ రోజే చూశాను. ముందు పళ్ళు రెండు లేవు. బావ కూడా ఓ క్షణం కోపంగా నిలబడి, ఇక ఆపుకోలేక నవ్వేశాడు.

పేడనీళ్ళు కాలువలో మెల్లగా సాగి, మొక్కజొన్న సాళ్ళలోకి ఒక్కొక్క దాంట్లోకీ తిరిగాయి. మావ చెప్పులు విప్పి పారతో దారి మళ్ళిస్తూ నడిచాడు. మోకాళ్ళ నొప్పి సంగతి మరిచిపోయినట్టున్నాడు. పది రోజుల్లో ఆకు ముదురు రంగు తిరిగింది. అది చూసి ఇంకో ఇద్దరు రైతులు మాకూ ఒక పూట వదలండి అని వచ్చారు. ఎవరికి ఎప్పుడు వదలాలో నిర్ణయించే పెద్దరికం మావ అడక్కుండానే తీసుకున్నాడు. ముందు ఆయన పొలమే అని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా శాలలో పద్దెనిమిది పశువులు. ట్యాంకు ఇక సరిపోదని, పక్కన ఇంకో గది కలపాలని మావ అంటున్నాడు. ఆలోచిస్తున్నాం. ఈ మధ్య అత్త ట్యాంకు పలక మీద ఓ వారన చాప వేసి పెసలు ఎండబెడుతోంది. ఊళ్ళో అంత చదునైన చోటు, అంత మంచి ఎండ ఇంకెక్కడా లేదంటుంది. మొదట్లో బావ మొహం చిట్లించాడు. "కింద పేడనీళ్ళేనే అమ్మా!" అన్నాడు.

"పైన పెసలు, కింద పేడ. మధ్యన మీ సిన్నాన్న ఏసిన పలక ఉన్నాది," అంది అత్త, చేత్తో గింజలు తిరగేస్తూ.